జపాన్ కార్లు, జహీరాబాద్ షెడ్డు

2025 జనవరి ఆఖర్లో జపాన్ నుంచి వచ్చిన ఒక వార్త మీలో కొందరైనా చూసి ఉంటారు. సుజుకీ కంపెనీ అయిదు తలుపుల జిమ్నీని 'జిమ్నీ నోమేడ్' పేరుతో అక్కడ అమ్మకానికి పెట్టింది. నెలకు 1,200 బండ్లు పోతే చాలనుకుంది. నాలుగు రోజుల్లో 50,000 ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఇక తట్టుకోలేక ఆర్డర్లు తీసుకోవడమే ఆపేశారు. ఆ బండి తయారయ్యేది ఎక్కడో తెలుసా? మన దేశంలోనే, గురుగ్రామ్‌లో. జపాన్ కంపెనీ మన దగ్గర చేయించిన కారు కోసం జపాన్ వాళ్లే వరస కట్టారన్నమాట. అంతకు ముందు ఏడాది ఆగస్టులో గుజరాత్‌లో తయారైన ఫ్రాంక్స్ కూడా ఇలాగే ఓడెక్కి జపాన్ వెళ్లింది.

సరే, అదే 2025లో నిస్సాన్ సంగతి చూడండి. చెన్నై దగ్గర ఒరగడంలో రెనోతో కలిసి నడుపుతున్న ఫ్యాక్టరీలో తన 51 శాతం వాటాను రెనోకే అమ్మేస్తున్నట్టు మార్చి 31న చెప్పింది. మే నెలలో, ప్రపంచం మొత్తం మీద ఉన్న 17 ఫ్యాక్టరీలను 10కి కుదిస్తామని, 20,000 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. మరో రెండు నెలలకు మెక్సికోలోని సివాక్ ఫ్యాక్టరీకి కూడా తాళం వేస్తామంది. సివాక్ అంటే మామూలు ఫ్యాక్టరీ కాదు. నిస్సాన్ జపాన్ దాటి బయట కట్టుకున్న మొట్టమొదటి ఫ్యాక్టరీ, 1966 నాటిది. దాన్ని కూడా వదులుకోవాల్సి వచ్చింది.

రెండూ జపాన్ కంపెనీలే. ఇద్దరిదీ ఒకే వ్యాపారం. ఒకరికి పరాయి దేశంలో కట్టిన ఫ్యాక్టరీ ఇంటికే కార్లు పంపే స్థాయికి ఎదిగింది. ఇంకొకరికి అదే పరాయి ఫ్యాక్టరీ మోయలేని బరువైంది. ఎందుకిలా జరిగిందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. దానికి జవాబులో కొంత మన తెలుగు నేల మీదే, బొంబాయి రోడ్డు పక్కనే ఉంది. అక్కడికి తీసుకెళ్తాను. ముందు కాస్త అమెరికా చుట్టి వద్దాం.

ఇవాళ జపాన్ కంపెనీలు స్వదేశంలో ఒక కారు చేస్తే బయటి దేశాల్లో దాదాపు రెండు చేస్తున్నాయి. మొదట్లో వాళ్లకు ఈ ఉద్దేశమే లేదు. ఇంట్లో చేసి ఓడల్లో పంపడమే వాళ్లకు లాభం, సుఖం. 1970లలో పెట్రోలు ధర మండిపోయినప్పుడు చిన్న జపాన్ కార్లు అమెరికాలో తెగ అమ్ముడయ్యాయి. డెట్రాయిట్ కంపెనీల్లో కార్మికులు రోడ్డున పడ్డారు. రాజకీయంగా గొడవ ముదిరింది. చివరికి 1981లో, ఏడాదికి 16 లక్షల 80 వేల కార్లకు మించి మీకు పంపం అని జపాన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. పైకి స్వచ్ఛందం అన్నారు గానీ మెడ మీద కత్తి పెట్టి ఒప్పించినట్టే. ఓడల్లో పంపే కార్లకు లెక్క ఉంది గానీ అక్కడే చేసే కార్లకు లేదుగా! అందుకని ఒక్కొక్కరూ అమెరికాకు కదిలారు.

హోండా అందరికంటే ముందుంది. ఒహాయో రాష్ట్రంలో మేరీస్‌విల్ అనే ఊళ్లో 1979లోనే 64 మందితో మోటారు సైకిళ్ల పని మొదలెట్టింది. 1982 నవంబరు 1న అక్కడి లైను మీంచి మొదటి అకార్డ్ కారు దిగింది. జపాన్ కంపెనీ అమెరికాలో చేసిన తొలి కారు అదే. మరుసటి ఏడాది టెనెసీలో నిస్సాన్ వచ్చింది. టొయోటా మాత్రం ఎప్పటిలాగే ఆచితూచి అడుగేసింది. ఒంటరిగా దిగడానికి జంకి, జనరల్ మోటార్స్‌తో పొత్తు పెట్టుకుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన ఒక ఫ్యాక్టరీని ఇద్దరూ కలిసి 1984లో మళ్లీ తెరిచారు.

ఈ ఫ్రీమాంట్ దగ్గర కాసేపు ఆగుదాం. మూతపడక ముందు ఆ ఫ్యాక్టరీకి చాలా చెడ్డపేరుండేది. రోజూ అయిదోవంతు జనం పనికే రారని, వచ్చినవాళ్లు యాజమాన్యంతో నిత్యం తగాదా అని చెప్పుకునేవారు. టొయోటా వచ్చాక ఎవరిని తీసుకున్నారనుకున్నారు? ఎక్కువమంది ఆ పాత మనుషులే, వాళ్ల పాత యూనియనే. వాళ్లను బ్యాచులుగా జపాన్‌లోని తకావోకా ఫ్యాక్టరీకి పంపి, అక్కడి కార్మికుల పక్కన నిలబెట్టి పని చేయించారు. లైను పొడవునా తలపైన ఒక తాడు వేలాడుతుంటుంది. బోల్టు సరిగ్గా పడలేదా, తలుపు అమరలేదా, పక్కవాడితో సమానంగా చెయ్యి సాగడం లేదా, తాడు లాగొచ్చు. లాగగానే ఒక పాట మోగుతుంది, బోర్డు మీద దీపం వెలుగుతుంది, టీం లీడరు పరుగున వస్తాడు. ఇద్దరూ కలిసి సరిచేస్తే సరే. కారు తన గడి దాటేలోపు సరికాకపోతే లైను మొత్తం ఆగుతుంది.

అమెరికా నుంచి వెళ్లినవాళ్లకు ఇది నమ్మశక్యం కాలేదు. వాళ్లకు తెలిసిన రూలు ఒకటే, ఏం కొంప మునిగినా లైను ఆగకూడదు. తప్పుగా బిగించిన కారు అలాగే ముందుకు పోవాలి, చివర్లో పెరట్లో నిలబెట్టి ఊడదీసి బాగుచేయాలి. లైను ఆపే అధికారం పెద్ద మేనేజరుది. ఇక్కడేమో మామూలు కూలీ చేతికిచ్చారు, పైగా లాగినందుకు మెచ్చుకున్నారు. అదే మనుషులు, అదే షెడ్డు. ఏడాది రెండేళ్లలో అక్కడి కార్లు జపాన్ కార్లతో పోటీ పడే నాణ్యతకొచ్చాయి. పనివాళ్లు మంచివాళ్లు కారు, బద్ధకస్తులు అని ఎవరైనా తీర్పు చెప్పినప్పుడల్లా నాకు ఫ్రీమాంట్ గుర్తొస్తుంది. పని చేసే పద్ధతిలో ఉన్న రోగాన్ని మనుషుల మీదకు నెట్టడం ఎంత అన్యాయమో అక్కడ కళ్లకు కట్టినట్టు రుజువైంది.

అంత గొప్పగా నడిచిన ఫ్యాక్టరీ మరి బతికిందా అంటే, లేదు. 2009లో జనరల్ మోటార్స్ దివాలా తీసి పొత్తులోంచి తప్పుకుంది. ఒంటరిగా మోయడం టొయోటాకు ఇష్టం లేకపోయింది. 2010 ఏప్రిల్ 1న చివరి కొరొల్లా, ఎర్రరంగుది, లైను దిగింది. ఆ వెంటనే 4 కోట్ల 20 లక్షల డాలర్లకు ఆ ఫ్యాక్టరీని ఒక చిన్న కంపెనీ కొనుక్కుంది. ఆ చిన్న కంపెనీ పేరు టెస్లా. ఇల్లినాయ్‌లో మిత్సుబిషీ 2015లో ఆపేసిన ఫ్యాక్టరీని కూడా ఇలాగే రివియన్ అనే విద్యుత్ వాహనాల కంపెనీ తీసుకుంది. ఇది నాకు బాధ కలిగించే విషయమే, ఎందుకంటే మధ్యలో చెదిరిపోయిన కుటుంబాలు ఉంటాయి. ఫ్రీమాంట్‌లో దాదాపు 4,700 మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్ల పనిలో లోపమేమీ లేదు.

ఇక జపాన్ డబ్బు యెన్ సంగతికొద్దాం. బొంబాయి రోడ్డు పక్కన ఉందన్నానే, ఆ జహీరాబాద్ ఫ్యాక్టరీ మునిగింది అందులోనే.

1985 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో అయిదు ధనిక దేశాల ఆర్థికమంత్రులు కూర్చుని, డాలరు విలువ తగ్గించాలని తీర్మానించుకున్నారు. అప్పటిదాకా డాలరుకు 240 యెన్‌ల దగ్గర ఉన్న మారకం మూడేళ్లు తిరిగేసరికి 130కి అటూఇటూగా వచ్చేసింది. జపాన్ సరుకు ప్రపంచమంతా ఒక్కసారిగా ప్రియమైపోయింది. జపాన్ కంపెనీలు అమెరికాకు, ఇంగ్లండుకు ఫ్యాక్టరీలు తరలించడానికి మరింత తొందరపడింది అందుకే. నిస్సాన్ ఇంగ్లండులోని సండర్లాండ్‌లో 1986లో కార్లు చేయడం మొదలెట్టింది. టొయోటా 1988లో కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో కామ్రీలు చేయసాగింది. బలమైన యెన్ వాళ్లను బయటికి తోసింది. మనకు మాత్రం అదే యెన్ తలమీద బండ పడినట్టయింది.

ఎలాగంటే, 1980ల మొదట్లో మన కేంద్రప్రభుత్వం చిన్న లారీల తయారీకి జపాన్ కంపెనీలతో పొత్తులను అనుమతించింది. నాలుగు పొత్తులు పుట్టాయి. ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో డీసీఎం టొయోటా. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఐషర్ మిత్సుబిషీ. పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా. నాలుగోది మనది, జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. హైదరాబాద్ నుంచి బొంబాయి హైవే మీద నూరు కిలోమీటర్లు.

ఆల్విన్ అంటే ఇప్పటి పిల్లలకు మియాపూర్ దగ్గర క్రాస్‌రోడ్డు పేరు, కూకట్‌పల్లి వైపు ఒక కాలనీ పేరు. అంతకు మించి తెలియకపోవచ్చు. పెద్దవాళ్లను అడగండి, ఆల్విన్ ఫ్రిజ్ గురించి చెప్తారు, పెళ్లిలో పెట్టిన ఆల్విన్ వాచీ గురించి చెప్తారు. ఆర్టీసీ బస్సులకు బాడీలు కట్టిందీ ఆల్విన్ వాళ్లే. 1942లో మొదలైన సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం చేతిలో నడిచేది. వాచీల కోసం అప్పటికే జపాన్ సీకోతో చేయి కలిపింది. అలాంటి సంస్థ నిస్సాన్‌తో కలిసి 1985 ప్రాంతంలో జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ చిన్న లారీలు చేయడం మొదలెట్టిందంటే ఆ రోజుల్లో ఎంత ఆశ ఉండేదో ఊహించుకోండి. చెరకు, అల్లం, కంది పండించే నేల మీద, వెనకబడిన ప్రాంతంలో, ప్రపంచంలోనే పేరున్న కంపెనీ లారీ తయారవుతోంది!

మెదక్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పుకోవాలి. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలు కొన్నవాళ్ల చేతికిచ్చిన ప్రధాని ఇందిరాగాంధీ అప్పుడు లోక్‌సభలో మన మెదక్ సభ్యురాలే. మారుతి కథ, జహీరాబాద్ కథ ఒకే కాలంలో మొదలైన కథలు. తర్వాత దారులు విడిపోయాయి.

జహీరాబాద్ లారీకి కష్టం ఎక్కడొచ్చిందో దగ్గరగా చూద్దాం. ఇలాంటి పొత్తుల్లో మొదట లారీ భాగాలన్నీ విడివిడిగా జపాన్ నుంచి పెట్టెల్లో వస్తాయి. ఇంజను, గేరుబాక్సు, యాక్సిలు, క్యాబిన్ రేకులు, చివరికి బోల్టులు కూడా. వీటినే కిట్లు అంటారు. ఓడలో బొంబాయికి చేరతాయి, కస్టమ్స్ సుంకం కట్టి, లారీల్లో జహీరాబాద్‌కు తెస్తారు. ఇక్కడ వెల్డింగు చేసి, రంగు కొట్టి, బిగించి బయటికి పంపుతారు. పెళ్లికి వచ్చే వంటబృందం పప్పూ ఉప్పూ గిన్నెలతో సహా అన్నీ తనతోనే తెచ్చుకున్నట్టన్నమాట. ఊళ్లో పొయ్యి వెలుగుతుంది గానీ ఊరి కిరాణా కొట్టుకు గిరాకీ పెరగదు. ఏడాదికి ఇంత చొప్పున భాగాలను ఇక్కడే చేయించుకుంటూ పోవాలని షరతు ఉంది. ఆ పని పూర్తయ్యేలోపే యెన్ ఎగిరింది. డాలరుతో పోలిస్తే మన రూపాయి కూడా కొంత జారింది. రెండూ కలిసేసరికి, కిట్టు ఖరీదు యెన్‌లలో మారకపోయినా రూపాయల్లో రెట్టింపయింది.

లారీ కొనేవాడు ఎవరండీ? పాలు, కూరగాయలు, సిమెంటు బస్తాలు తోలుకుని బతికేవాడు. ఫైనాన్సు వడ్డీ కట్టాలి, టైర్లు మార్చాలి, డ్రైవరుకు జీతమివ్వాలి. బండి ఎంత నాజూగ్గా నడిచినా ధర కొండెక్కితే అతనేం చేస్తాడు? సరిగ్గా ఆ సమయానికే, 1986లో, టాటావాళ్లు 407 దింపారు. మన రోడ్లకు, మన ఓవర్‌లోడుకు, మన మెకానిక్ చేతికి తగ్గట్టు పుణేలో తయారుచేసిన బండి. భాగాలు ఇక్కడివే, ధర అందుబాటులో ఉంది, ఏ ఊళ్లో ఆగినా బాగుచేసేవాడు దొరుకుతాడు. నాలుగు జపాన్ పొత్తులూ దాని ముందు వెనకబడ్డాయి. 1980ల ఆఖర్లో మహీంద్రా కంపెనీ జహీరాబాద్ ఫ్యాక్టరీని తన చేతిలోకి తీసుకుంది. కొన్నేళ్లు మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అన్న పొడుగు పేరుతో నడిచి, 1990ల మధ్యకు మహీంద్రాలో కలిసిపోయింది.

నాకు ఇందులో గుచ్చుకునేది ఏమిటంటే, జహీరాబాద్‌లో వెల్డింగు చేసిన కుర్రాడికి న్యూయార్క్ హోటలుతో ఏం సంబంధం? అతను రేకు వంకర లేకుండా అతికించాడు. వేళకు షిఫ్టుకు వచ్చాడు. అయినా అతని లారీ ధరను నిర్ణయించింది అతను పేరైనా వినని మంత్రులు. పరాయి దేశపు కంపెనీ మన ఊరికి వస్తుందంటే మనం భూమి ఎంత, కొలువులు ఎన్ని అని అడుగుతాం. భాగాలు ఎక్కడివి, డబ్బు ఏ కరెన్సీలో కడతారు అని అడగం. అసలు అడగాల్సింది అది.

సుజుకీతో పొత్తులో ఉన్న మారుతి మీదా ఇదే యెన్ పిడుగు పడింది. అదెలా నిలిచిందన్నది న్యాయమైన ప్రశ్నే. ఒక కారణం, అక్కడ ఎదురుగా 407 లాంటి పోటీ లేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తప్ప జనానికి వేరే దిక్కు లేదు. ప్రభుత్వ అండ కూడా ఉంది. కానీ నా లెక్కలో అసలు కారణం వేరు. యెన్ పెరిగే కొద్దీ మారుతి భాగాలను ఇక్కడే చేయించడానికి గట్టిగా పూనుకుంది. స్టీరింగులు, సీట్లు, రేకు భాగాలు చేసే కంపెనీలను పక్కనే పెట్టించి, వాటిలో తానూ వాటా తీసుకుని, జపాన్ నుంచి నిపుణులను రప్పించి పని నేర్పించింది. కొన్నేళ్లలోనే కారులో చాలా భాగం ఇక్కడిదే అయింది. ఆ తర్వాత యెన్ ఎటు కదిలినా కంపెనీ కూలలేదు. గురుగ్రామ్ చుట్టుపక్కల వందల షెడ్లు లేచాయి. ఇవాళ అందరి కార్లకూ భాగాలు చేసేది ఆ షెడ్లే. ఫ్యాక్టరీ ఒకటి, దాని చుట్టూ పెరిగిన పనితనం ఒకటి. రెండోది ఉంటేనే మొదటిది నిలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

సుజుకీ పట్టుదల కూడా తక్కువది కాదు. ఒసాము సుజుకీ 1978లో అధ్యక్షుడయ్యే నాటికి ఆ కంపెనీ జపాన్‌లో, కార్ల విషయంలో చిన్నవాటికే పరిమితమైన చిన్న కంపెనీ. పెద్దవాళ్లు ఎవరూ పట్టించుకోని భారత్‌లో 26 శాతం వాటాతో దిగాడు. 2002లో అదే సుజుకీ సగానికి పైగా వాటా చేజిక్కించుకుంది. అమెరికాలో కార్లు అమ్మడం 2012లో మానేసింది. చైనా నుంచి 2018లో తప్పుకుంది. ఇక్కడ మాత్రం గుజరాత్‌లో, హర్యానాలోని ఖర్ఖోదాలో కొత్త ఫ్యాక్టరీలు కట్టుకుంటూ పోయింది. 2024 డిసెంబరు 25న ఆయన 94 ఏళ్ల వయసులో పోయినప్పుడు మన పత్రికలు రాసినంతగా మరే దేశంలోనూ రాసి ఉండరు. మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చాం.

అంతా బంగారమేనా అంటే, అలా అనను. మారుతివాళ్ల మానేసర్ ఫ్యాక్టరీలో 2012 జులై 18న జరిగింది మరిచిపోకూడదు. అంతకు ముందు ఏడాది అంతా సమ్మెలు, లాకౌట్లు. పక్కపక్కన నిలబడి ఒకే పని చేసే పర్మనెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ జీతంలో ఎంతో తేడా. టీ విరామం ఏడు నిమిషాలే అని కార్మికుల గోడు. చివరికి గొడవలో నిప్పు అంటుకుని ఒక సీనియర్ అధికారి ప్రాణం పోయింది. 2017లో 13 మంది కార్మికులకు యావజ్జీవ శిక్ష పడింది. ఫ్రీమాంట్‌లో కూలీ చేతికి తాడిచ్చి గౌరవించిన సంస్కృతి జపాన్‌దే అయితే, ఇక్కడ కార్మికుడి మాట వినిపించుకోవడానికి ఎందుకంత కష్టమైందో ఆలోచించాలి. పద్ధతులు తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఆ పద్ధతుల వెనకున్న మర్యాదను తెచ్చుకోవడం మరో ఎత్తు.

మిగతా లోకంలో మూతల జాబితా పెద్దది. రెండు మూడే చెప్తాను. ఆస్ట్రేలియాలో 1963 నుంచి కార్లు చేస్తున్న టొయోటా మెల్‌బోర్న్ దగ్గరి ఆల్టోనా ఫ్యాక్టరీని 2017 అక్టోబరు 3న మూసేసింది. అక్కడి కామ్రీల్లో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాలకు వెళ్లేవి. మన కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లి స్టీరింగు పట్టినవాళ్లు చాలామంది ఆల్టోనా బండి నడిపే ఉంటారు. ఆస్ట్రేలియా డాలరు బలపడి, సుంకాల రక్షణ పోయి, చిన్న మార్కెట్టులో అంత ఖర్చుతో చేయడం గిట్టుబాటు కాలేదు. నెల తిరక్కుండానే హోల్డెన్ అనే కార్ల కంపెనీ కూడా మూసేయడంతో ఆ దేశంలో కార్ల తయారీయే అంతరించింది. ఇంగ్లండులోని స్విండన్‌లో హోండా 2021 జులై 30న మూసేసినప్పుడు మూడువేల పైచిలుకు మంది ఇళ్లకు వెళ్లారు. రష్యాలో 2022 యుద్ధం తర్వాత నిస్సాన్ తన ఆస్తులను ఒక్క యూరోకు ప్రభుత్వ సంస్థకు అప్పజెప్పి బయటపడింది. ఆరేళ్లలో తిరిగి కొనుక్కోవచ్చన్న షరతు ఒక్కటే మిగిలింది.

చైనా, థాయ్‌లాండ్‌ల విషయం వేరు. అక్కడ జపాన్ వాళ్లను కొట్టింది కరెన్సీ కాదు, కొత్త రకం కారు. చైనాలో నాలుగేళ్లలో, 2020 నుంచి 2024కు, జపాన్ బండ్ల వాటా సగానికి పడిపోయింది. హోండా అమ్మకాలు దాదాపు సగమయ్యాయి. మిత్సుబిషీ 2023లో చైనాలో తయారీకి స్వస్తి చెప్పింది. చాంగ్‌షాలో దాని ఫ్యాక్టరీలో ఇప్పుడు చైనా విద్యుత్ కార్లు తయారవుతున్నాయి. బ్యాటరీ కార్లలో చైనా కంపెనీలు ఏడాదికో కొత్త మోడలు దింపుతుంటే, జపాన్ వాళ్లు హైబ్రిడ్‌ను పట్టుకుని నిదానంగా కదిలారు. నిదానం వాళ్ల బలం, ఈసారి అదే బలహీనతయింది.

థాయ్‌లాండ్‌లో ఒకప్పుడు రోడ్డెక్కే కొత్త కార్లలో పదింట తొమ్మిది జపాన్ కంపెనీలవే. 2011 అక్టోబరు వరదల్లో అయుత్థయలోని హోండా ఫ్యాక్టరీ నిండా మునిగింది. నీరు తీశాక, తడిసిన కార్లను అమ్మే ప్రశ్నే లేదని 1,055 కొత్త కార్లను నుజ్జు చేయించి, మరుసటి వసంతానికి లైను మళ్లీ నడిపారు. అంత వరదకు చలించనివాళ్లు ఇప్పుడు వెనక్కి తగ్గుతున్నారు. సుజుకీ, సుబారు అక్కడి తయారీకి ముగింపు పలికాయి. హోండా అయుత్థయలోని కార్ల పనిని వేరే ఊరి ఫ్యాక్టరీకి మార్చేస్తానంది. 2024 జులైలో చైనా కంపెనీ బీవైడీ రయోంగ్‌లో కొత్త ఫ్యాక్టరీ తెరిచింది.

ఇదంతా మనకెందుకంటారా? మన ఆంధ్రలో శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ ఉంది. 2016 ఏప్రిల్‌లో మొదలైంది, పికప్ బండ్లు చేస్తుంది. బండి తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే రకం. అందుకే నాకు మొదట్లో జహీరాబాద్ గుర్తొచ్చి గుబులేసింది. తర్వాత అక్కడే రేకులు అచ్చుపోసే ప్రెస్ షాపు, ఇంజన్లు బిగించే విభాగం పెట్టారని తెలిసి కాస్త ధైర్యం వచ్చింది. పెనుకొండ దగ్గరి కియా జపాన్‌ది కాదు, కొరియాది. అయినా దాని వెంట విడిభాగాల కంపెనీలు కూడా దిగాయి. అందుకే శ్రీ సత్యసాయి జిల్లా గురించి నాకు భయం తక్కువ.

అన్నట్టు, ఆ నాలుగు చిన్న లారీల పొత్తుల్లో మిగతావాటి సంగతి చెప్పలేదు. డీసీఎం టొయోటా 1990లలో కొరియా దేవూ చేతికి వెళ్లి, దేవూతోపాటే మునిగింది. ఐషర్ సొంతకాళ్ల మీద నిలబడి, తర్వాత స్వీడన్ వోల్వోతో జతకట్టింది. స్వరాజ్ మజ్దా పేరు మార్చుకుని ఎస్ఎంఎల్ ఇసుజు అయింది. 2025లో అందులోని 59 శాతం వాటాను రూ.555 కోట్లకు మహీంద్రాయే కొనేసింది. జహీరాబాద్‌లో మహీంద్రా ఇప్పుడు ట్రాక్టర్లు, మూడు చక్రాల బండ్లు చేస్తోంది. నిస్సాన్ వెళ్లిపోయినా ఆ ఊళ్లో లైను ఆగలేదు. ఆ రోజుల్లో అక్కడ ఫిట్టరుగానో వెల్డరుగానో చేరి మహీంద్రాలో రిటైరైనవాళ్లు మీ ఇంట్లో ఉంటే నాకు ఒక ఉత్తరం రాయించండి. ఆ కిట్లలో మొదటగా ఏ భాగాన్ని ఇక్కడ చేయడం మొదలెట్టారో, ఎవరు నేర్పారో, ఆ చేతిపని తర్వాత ఏ బండికి పనికొచ్చిందో తెలుసుకోవాలని ఉంది.